వాటర్ రైట్ చేతిలో ఉన్నా నీళ్లు వదలాల్సిందేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. నీళ్లు, తీరాలు వంటివి ప్రజలందరి ఆస్తి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అనే పబ్లిక్ ట్రస్ట్ సిద్ధాంతం అమెరికాలో రాష్ట్రాల నీటి చట్టాన్ని ఎలా మార్చిందన్నదే ఆ విషయం. లా కాలేజీలో పర్యావరణ చట్టం బోధించిన రోజుల నుంచీ నాకు మనసుకు దగ్గరైన అంశం ఇది. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, ఎం.సి. మెహతా వర్సెస్ కమల్‌నాథ్ కేసులో మన సుప్రీంకోర్టు కాలిఫోర్నియా వారి మోనో లేక్ తీర్పును ఉదహరించింది. మా పాఠ్యపుస్తకంలో దాని గురించి రెండు లైన్లే ఉన్నాయి. ఆ సరస్సుకు వెళ్లే వాగుల నీళ్లు మళ్లించుకోవడానికి లాస్ ఏంజెలెస్ నగరానికి ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. నలభై ఏళ్లుగా నీళ్లు వాడుకుంటోంది కూడా. అలాంటప్పుడు కోర్టు ఏ ఆధారంతో ఆ నీళ్లు ఆపింది?
— లా విద్యార్థిని, వరంగల్

జవాబు: ఆపలేదమ్మా. 1983 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు లాస్ ఏంజెలెస్ వాటాలో ఒక్క చుక్క కూడా తగ్గించలేదు. ఈ కేటాయింపును మళ్లీ పరిశీలించే అధికారం రాష్ట్రానికి ఉంది, పరిశీలించాల్సిన బాధ్యత కూడా ఉంది అని చెప్పింది, అంతే. చాలా పుస్తకాలు ఈ తేడాను వదిలేస్తాయి. ఆ తీర్పు బలమంతా అక్కడే ఉంది కాబట్టి మొదటి నుంచీ చెప్తాను.

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో నీటి హక్కు గనుల దగ్గర పుట్టింది. బంగారం కోసం వచ్చినవాళ్లలో వాగు నీళ్లను ముందు ఎవరు మళ్లించుకుంటే వాళ్లదే మొదటి హక్కు. 1855లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఈ పద్ధతినే ఒప్పుకుంది. ప్రతి హక్కుకూ ఒక తేదీ ఉంటుంది. కరువొస్తే అందరికీ తలా కొంచెం కోత పెట్టరు. వెనక తేదీవాళ్లకు పూర్తిగా ఆపేసి, ముందు తేదీవాళ్లకు పూర్తిగా ఇస్తారు. హక్కు నిలవాలంటే నీళ్లను ఏదో ఒక పనికి వాడాలి. నదిలోనే పారనిస్తే అది వాడకం కిందకు వచ్చేది కాదు. చేపకూ పక్షికీ ఈ వరుసలో అప్పట్లో తేదీ లేదు, చోటూ లేదు.

ఇక మోనో సరస్సు. సియెర్రా నెవాడా కొండలకు తూర్పు వైపున ఉంటుంది. నీళ్లు లోపలికి రావడమే తప్ప బయటికి పోయే దారి లేదు. అందుకే సముద్రం కంటే ఉప్పగా ఉంటుంది, చేపలు బతకవు. కానీ కంటికి ఆనీ ఆనని ఉప్పునీటి రొయ్యలు, ఒడ్డు వెంట నల్లటి పట్టీలా పరుచుకునే ఈగలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటి కోసం లక్షల పక్షులు వస్తాయి. కాలిఫోర్నియా గల్ పక్షులు అక్కడి దీవుల మీద గుడ్లు పెడతాయి.

ఈ సరస్సుకు నీళ్లు తెచ్చే అయిదు వాగుల్లో నాలుగింటిని మళ్లించుకోవడానికి 1940లో రాష్ట్ర జలవనరుల విభాగం లాస్ ఏంజెలెస్‌కు పర్మిట్లు ఇచ్చింది. సరస్సుకు నష్టం జరుగుతుందని అధికారులకు తెలుసు. ఇది దురదృష్టకరమే, కానీ ఆపడానికి మా చేతిలో ఏమీ లేదు అన్నట్టుగా ఉత్తర్వులోనే రాసుకున్నారు. తాగునీరే అత్యున్నత వినియోగమని చట్టం అంటోంది కదా, మేమేం చేయగలం అన్నది వాళ్ల ఆలోచన. 1941లో మళ్లింపు మొదలైంది. 1970లో రెండో కాలువ పూర్తయ్యాక అది ఏడాదికి సగటున దాదాపు లక్ష ఎకరా-అడుగులకు చేరింది. మన లెక్కలో 4.3 టీఎంసీలు. పెద్ద ప్రాజెక్టుల అంకెలు విన్నవాళ్లకు ఇది చిన్నదే అనిపిస్తుంది. ఆ సరస్సుకు మాత్రం అదే ప్రాణం. 1941లో సముద్రమట్టానికి 6,417 అడుగుల ఎత్తున ఉన్న నీటిమట్టం 1982 నాటికి 6,372కు పడిపోయింది. నీళ్లు సగమయ్యాయి, ఉప్పదనం రెట్టింపయింది. నెగిట్ దీవికీ ఒడ్డుకూ మధ్య నేల తేలింది. 1979లో తోడేలు జాతికి చెందిన కయోటీలు ఆ దారిన నడిచి వెళ్లి గల్ పక్షుల గూళ్లను నాశనం చేశాయి.

1976లో కొందరు విద్యార్థులు అక్కడే మకాం వేసి సరస్సును శాస్త్రీయంగా అధ్యయనం చేశారు. డేవిడ్ గెయిన్స్ నాయకత్వంలో 1978లో మోనో లేక్ కమిటీ ఏర్పడింది. 1979లో ఆ కమిటీ, పక్షుల సంరక్షణ కోసం పనిచేసే నేషనల్ ఆడుబాన్ సొసైటీ కలిసి కోర్టుకు వెళ్లాయి. వాళ్లు పట్టుకున్న ఆధారమే పబ్లిక్ ట్రస్ట్ సిద్ధాంతం.

ఆ సిద్ధాంతం అప్పటికి కొత్తదేమీ కాదు. పారే నీరు, సముద్రం, సముద్ర తీరం అందరివీ అని రోమన్ చట్టం ఎప్పుడో చెప్పింది. అమెరికాలో దానికి బలమైన రూపం 1892లో వచ్చింది. షికాగో ఒడ్డున మిషిగన్ సరస్సు అడుగుభూమి వెయ్యి ఎకరాలకు పైగా ఇలినాయ్ శాసనసభ 1869లో ఒక రైల్వే కంపెనీకి రాసిచ్చేసింది. నాలుగేళ్లకే తప్పు తెలుసుకుని రద్దు చేసింది. తర్వాత రాష్ట్రం కంపెనీ మీద కేసు వేస్తే, ఆ భూమి ప్రజల కోసం రాష్ట్రం చేతిలో ఉన్న ట్రస్టు ఆస్తి, దాన్ని అలా వదిలేసుకునే అధికారం శాసనసభకు మొదటి నుంచీ లేదు అని ఫెడరల్ సుప్రీంకోర్టు తేల్చింది. గుడి మాన్యాన్ని ధర్మకర్త తన సొంత పొలంలా అమ్మేస్తే చెల్లదు కదా, అలాంటిదే.

కానీ అది భూమి గురించిన మాట. నావల రాకపోకలు, వర్తకం, చేపల వేట కోసం పుట్టిన రక్షణ. 1971లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, తీరభూమిని పక్షుల ఆవాసంగా, ప్రకృతిసిద్ధంగా ఉంచడం కూడా ట్రస్టు ప్రయోజనమే అంది. ఇలా ఒక పక్క ట్రస్టు చట్టం, ఇంకో పక్క ముందు వచ్చినవాడికే ముందు హక్కు అనే నీటి చట్టం ఒకే రాష్ట్రంలో ఒకదాని ముఖం ఒకటి చూసుకోకుండా పెరిగాయి. మోనో లేక్ కేసులో అవి ఎదురుపడ్డాయి.

జస్టిస్ అలెన్ బ్రౌసార్డ్ రాసిన తీర్పులో మీరు పరీక్ష కోసం కాకపోయినా గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మళ్లించిన నాలుగు వాగుల్లోనూ పడవలు నడవవు. ట్రస్టు నావయోగ్యమైన జలాలకే కదా అని నగరం వాదించింది. వాగులో పడవ నడవకపోవచ్చు, కానీ ఆ వాగును ఎండగడితే పడవ నడిచే సరస్సు దెబ్బతింటోంది, కాబట్టి ఆ మళ్లింపు కూడా ట్రస్టు పరిధిలోకి వస్తుంది అంది కోర్టు. ఈ ఒక్క మెట్టు లేకపోతే తీర్పే లేదు. ఆ తర్వాత, ట్రస్టు ప్రయోజనాలకు హాని చేసే నీటి హక్కు ఎవరికీ శాశ్వతంగా స్థిరపడదు అంది. అందుకే హక్కును కుదిస్తే ఆస్తి లాక్కున్నారు, పరిహారం ఇవ్వండి అనే వాదనకు అక్కడ చోటు తక్కువ. అలాగని సరస్సే గెలవాలని కూడా చెప్పలేదు. నగరాలకు నీళ్లు కావాలి, కొన్నిసార్లు ట్రస్టుకు హాని జరిగినా రాష్ట్రం మళ్లింపును అనుమతించవచ్చు. కాకపోతే ఆ హానిని లెక్కలోకి తీసుకుని, వీలైనంతవరకు తప్పించి ఆ నిర్ణయం చేయాలి. ఒకసారి చేశాక చేతులు దులుపుకోకూడదు, ఆ పర్యవేక్షణ కొనసాగాలి. అన్నేళ్లలో ఏ బాధ్యతగల సంస్థా సరస్సు మీద ఈ మళ్లింపు ప్రభావాన్ని తూచి చూడలేదని కోర్టు గుర్తించింది. నన్ను అన్నిటికంటే కదిలించేది ఆ మాటే. దురుద్దేశంతో ఎవరో చేసిన పాపం కాదిది. మేం చూడనక్కర్లేదు అని అందరూ అనుకోవడం వల్ల జరిగిన నష్టం.

నీళ్లు నిజంగా తగ్గింది తర్వాత. చేపలు బతికేంత నీటిని ఆనకట్ట కింద వదలాలనే రాష్ట్ర చట్టం ఆధారంగా ట్రౌట్ చేపల పక్షాన ఇంకొన్ని కేసులు పడ్డాయి. అవీ ఇదీ కలిసి 1994 సెప్టెంబర్‌లో రాష్ట్ర జలవనరుల నియంత్రణ బోర్డు 1631వ నంబరు నిర్ణయం ఇచ్చింది. సరస్సును సుమారు 6,392 అడుగులకు తేవాలి. అప్పటిదాకా మట్టం 6,377 కంటే తక్కువుంటే నగరానికి ఏమీ లేదు, 6,380 దాటితే ఏడాదికి 16,000 ఎకరా-అడుగులు, అంటే 0.7 టీఎంసీ. ఆ మధ్యలో ఉంటే 4,500. ఇరవై ఏళ్లలో లక్ష్యం చేరుతుందని అంచనా వేశారు. ముప్పై ఏళ్లు గడిచినా సరస్సు ఆ మట్టానికి చేరలేదు. తీర్పు గెలవడం ఒక ఎత్తు, నీళ్లు నిండడం ఇంకో ఎత్తు.

కాలిఫోర్నియాలో ఉండే మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు టయోగా కనుమ దాటి లీ వైనింగ్ దిగి ఆ సరస్సు చూశాను. ఒకప్పుడు నీటి అడుగున పెరిగిన సున్నపు స్తంభాలు ఇప్పుడు ఒడ్డున మనిషి కంటే ఎత్తుగా నిలబడి ఉంటాయి. అందరూ వాటికి ఫొటోలు తీసుకుంటారు. అవి అలా బయటికి కనిపించడమే ఆ సరస్సు పోగొట్టుకున్న నీటికి కొలత అని తెలిశాక నాకు ఫొటో తీయబుద్ధి కాలేదు.

ప్రశ్న: నేను నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఒకసారి చేసిన కేటాయింపును ఎప్పుడు పడితే అప్పుడు తిరగదోడవచ్చంటే రైతు దేన్ని నమ్మి పంట వేయాలి? బ్యాంకు దేన్ని చూసి అప్పివ్వాలి? నెవాడా కోర్టు కాలిఫోర్నియాకు భిన్నంగా తీర్పు ఇచ్చిందని చదివాను. అమెరికాలో అసలు ఏది చట్టం?
— పాఠకుడు, విజయవాడ

జవాబు: అమెరికాలో ఈ విషయానికి ఒకే చట్టం లేదండి. పబ్లిక్ ట్రస్ట్ సిద్ధాంతం రాష్ట్రాల చట్టానికి సంబంధించిన వ్యవహారమని ఫెడరల్ సుప్రీంకోర్టు 2012లో మోంటానా నదుల కేసులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి రాష్ట్రం మారితే జవాబు మారుతుంది.

మోనో లేక్‌కు ముందే, 1976లో, నార్త్ డకోటా సుప్రీంకోర్టు విద్యుత్ కేంద్రాలకు నీళ్లు కేటాయించే ముందు రాష్ట్రం భవిష్యత్తు అవసరాలను ఆలోచించి ప్రణాళిక వేసుకోవాలని ఈ సిద్ధాంతం పేరుతోనే చెప్పింది. ఐడహో దారి వేరు. కోర్టులు ఈ సిద్ధాంతాన్ని నీటి హక్కుల మీదికి తెస్తాయేమోనని అక్కడి శాసనసభ 1996లో చట్టం చేసి, ట్రస్టును నదుల, సరస్సుల అడుగుభూములకే పరిమితం చేసింది. అరిజోనా శాసనసభ కూడా నీటి హక్కుల విచారణలో ట్రస్టు మాట ఎత్తకూడదని చట్టం చేసింది. కానీ 1999లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ట్రస్టు అనేది శాసనసభ అధికారానికే ఒక హద్దు, దాన్ని శాసనసభే చెరిపేయలేదు అంది. నాకు ఐడహో కంటే ఇదే సబబుగా తోస్తుంది. ధర్మకర్త తన బాధ్యతను తానే రద్దు చేసుకోగలిగితే ఇక ట్రస్టు ఎక్కడిది?

మీరడిగిన నెవాడా కేసు వాకర్ సరస్సుది. వాకర్ నది కాలిఫోర్నియా కొండల్లో పుట్టి నెవాడాలో ఆ సరస్సులో కలుస్తుంది. దారిలో లోయల్లోని పొలాలకు నీళ్లు పోతాయి. ఆ హక్కులు 1936 నాటి ఫెడరల్ కోర్టు డిక్రీతో స్థిరపడ్డాయి. పంతొమ్మిదో శతాబ్దం చివరితో పోలిస్తే సరస్సు 150 అడుగులకు పైగా దిగిపోయింది. ఉప్పదనం పెరిగి లహోంటన్ కట్‌త్రోట్ అనే ట్రౌట్ చేప అక్కడ బతకలేని స్థితి వచ్చింది. చేపలు లేకపోతే లూన్ పక్షులు రావు. వాటి పేరు మీద హాథోర్న్ ఊళ్లో జరిగే పండుగ కూడా ఆగిపోయింది. ఆ ఊరున్న మినరల్ కౌంటీ కోర్టుకెక్కింది. ఫెడరల్ అప్పీలు కోర్టు చట్టం ఏమిటో చెప్పమని నెవాడా సుప్రీంకోర్టును అడిగింది.

2020లో వచ్చిన జవాబు రెండు ముక్కలుగా ఉంది. ట్రస్టు సిద్ధాంతం రాష్ట్రంలోని నీళ్లన్నిటికీ వర్తిస్తుంది, ఎప్పుడో డిక్రీ అయిపోయిన హక్కులకు కూడా. కానీ తేలిపోయిన హక్కులను మళ్లీ పంచడానికి అది అనుమతించదు. నీటి హక్కు ఇచ్చేటప్పుడే ప్రజాప్రయోజనం చూడాలని మా చట్టాలు చెప్తున్నాయి, ఆ చట్టాలు ట్రస్టుకు తగినట్టే ఉన్నాయి, ఇక స్థిరత్వం కూడా ముఖ్యం అని మెజారిటీ కారణం చెప్పింది. ఇద్దరు జడ్జీలు ఈ రెండో ముక్కతో విభేదించారు.

మీరు రైతు గురించి, బ్యాంకు గురించి అడిగినది న్యాయమైన ప్రశ్న. దాన్ని తేలిగ్గా తీసుకునే పర్యావరణవాదులతో నాకు పేచీ ఉంది. నీటి భరోసా లేని చోట ఎవరూ తోట వేయరు. అయినా నెవాడా తీర్పు నాకు మింగుడుపడదు. సిద్ధాంతం మీకు వర్తిస్తుంది, కానీ దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు అని సరస్సుతో చెప్పినట్టయింది. 1936లో డిక్రీ రాసినప్పుడు సరస్సు తరఫున ఎవరూ నీళ్లు అడగలేదు. అడగనివాళ్ల వాటా కూడా అప్పుడే తేలిపోయిందని ఎలా అనుకోవాలి?

పైగా కాలిఫోర్నియా అనుభవం మీ భయాన్ని కొంతవరకు తగ్గించాలి. 1983 తర్వాత హక్కులన్నీ తలకిందులవుతాయని అప్పట్లో నీటి లాయర్లు చాలామంది టెన్షన్ పడ్డారు. అలా జరగలేదు. ఈ సిద్ధాంతం కింద నిజంగా తగ్గించిన హక్కులు చాలా కొద్ది. లాస్ ఏంజెలెస్ కూడా ఎండిపోలేదు. తక్కువ నీళ్లు వాడే టాయిలెట్లు, పొదుపు, నీటి పునర్వినియోగం మీద పెట్టుబడి పెట్టింది. జనాభా పెరిగినా ఆ నగరం నీటి వాడకం ఇప్పుడు 1970ల నాటి కంటే ఎక్కువేమీ లేదు. వాకర్ దగ్గర ఇప్పుడు ఇంకో దారి నడుస్తోంది. ఇష్టపడి అమ్మే రైతుల దగ్గర ఫెడరల్ నిధులతో వాటర్ రైట్స్ కొని సరస్సుకు వదులుతున్నారు. రైతుకు డబ్బు వస్తుంది, గొడవ ఉండదు. కానీ అది డబ్బున్నంత కాలం సాగే పని.

వీటన్నిటికంటే గట్టి రూపం హవాయిది. అక్కడ 1978లో రాజ్యాంగంలోనే నీటి వనరులను ప్రజల కోసం కాపాడే బాధ్యత రాష్ట్రం మీద పెట్టారు. ఓహూ దీవిలో ఒక వైపు వాగుల నీళ్లను వైయాహోలే కాలువ దశాబ్దాలుగా ఇంకో వైపు చెరకు తోటలకు తీసుకుపోయేది. చెరకు కంపెనీ మూతపడ్డాక ఆ నీళ్లు ఎవరివన్న తగాదా వచ్చింది. 2000లో హవాయి సుప్రీంకోర్టు ట్రస్టు భూగర్భ జలంతో సహా నీళ్లన్నిటికీ వర్తిస్తుందని, వ్యాపార అవసరానికి నీళ్లు కోరేవాళ్లే తమ వాడకం సబబని రుజువు చేసుకోవాలని చెప్పింది. కాలిఫోర్నియాలో సరస్సు పక్షాన ఎవరో ఒకరు కోర్టు గుమ్మం ఎక్కాల్సి వచ్చింది. హవాయిలో రుజువు భారం మొదటి నుంచే అటు పక్కన ఉంది. నీటిపారుదల శాఖలో పనిచేసిన మీకు ఫైలు ఎవరు కదపాలి అన్నది ఎంత పెద్ద విషయమో నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం కలిసి కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో బాదం తోట కొనాలనుకుంటున్నాం. కాలువ నీళ్లు లేవు, అంతా బోర్లే. పబ్లిక్ ట్రస్ట్ అనేది నదులకూ సరస్సులకే కదా, బోరుకు దానితో ఇబ్బంది లేదని ఏజెంటు అంటున్నాడు. నమ్మవచ్చా?
— పాఠకుడు, ఫ్రెస్నో

జవాబు: అంత మాటను పట్టుకుని డబ్బు పెట్టకండి. ఉత్తర కాలిఫోర్నియాలో స్కాట్ నది ఉంది. అక్కడ బోర్లు తోడే కొద్దీ వేసవి చివర నదిలో నీళ్లు తగ్గి కోహో సాల్మన్ చేపలకు కష్టమవుతోందని కేసు పడింది. 2018లో అప్పీలు కోర్టు, తోడే నీళ్లు నేల కింద ఉన్నాయా పైన ఉన్నాయా అన్నది ప్రశ్న కాదు, ఆ తోడటం వల్ల నావయోగ్యమైన నది దెబ్బతింటోందా అన్నదే ప్రశ్న అంది. మోనో లేక్ వాగుల దగ్గర వేసిన మెట్టే ఇక్కడా వేశారు. బోర్లకు పర్మిట్లు ఇచ్చే కౌంటీకి కూడా ఆ బాధ్యత ఉందని చెప్పింది. 2014 నాటి భూగర్భ జల చట్టం వచ్చింది కాబట్టి ట్రస్టు బాధ్యత పోయిందన్న వాదననూ ఒప్పుకోలేదు.

అయితే మీరు చూస్తున్న తోట దగ్గర్లో అలాంటి నది లేకపోతే పబ్లిక్ ట్రస్ట్ మీ మొదటి సమస్య కాదు. ఆ 2014 చట్టమే అసలు సమస్య. దాని కింద ముఖ్యమైనవని రాష్ట్రం గుర్తించిన భూగర్భ జల ప్రాంతాలకు (బేసిన్లకు) నిర్వహణ ఏజెన్సీలు ఉంటాయి. సెంట్రల్ వ్యాలీ దక్షిణ భాగంలో చాలావరకు నీటిమట్టం ప్రమాదకరంగా పడిపోయినవని గుర్తించిన ప్రాంతాలే. అలాంటి చోట్ల 2040 నాటికి తోడేదీ ఊరేదీ సమతూకానికి రావాలి. అంటే ఈరోజు ఎన్ని గంటలైనా నడిచే బోరుకు రేపు పరిమితి రావచ్చు, తోడే నీటికి ఫీజు పడవచ్చు. బాదం చెట్టు పాతికేళ్లు కాస్తుంది. మీ చెట్ల వయసులోనే ఆ గడువు వచ్చేస్తుంది.

తోట ఏ బేసిన్ కిందకు వస్తుందో ముందు కనుక్కోండి. ఆ ఏజెన్సీ ప్లాన్ బహిరంగ పత్రమే, తెప్పించుకోండి. ఎకరాకు ఎంత తోడనిస్తారు, ఏ ఏడాది నుంచి ఎంత కోత పెడతారు, దగ్గరి నదితో మీ నేల కింది నీటికి సంబంధం ఉందని రాశారా అన్న మూడు సంగతులూ అందులో వెతకండి. అక్కడి నీటి చట్టం తెలిసిన లాయరు చేత చదివించుకోండి. అడ్వాన్సు ఆ తర్వాతే.